యాది మీద కోసిన ముక్కు

నేను చేసిన తెలివితక్కువ పని ముందే చెప్పేస్త. తర్వాత మీరు కనిపెట్టి నవ్వుకునే శ్రమ తప్పుతది. ఒక జాతరల, నలుగురు నిలవడి వింటుంటే, "మనిషిని ఒక్కసారి పక్క నుంచి చూస్తే చాలు, యాది మీద వాని మొఖం కోసి చేతుల పెడ్త" అని డబ్బా కొట్టుకున్న. కొట్టుకున్నోన్ని ఊకున్ననా అంటే, ఊకోలేదు. కోసి చూపెట్టిన గుడ. ఆ కాయితం ముక్క పోయి ఒక ఆటో డ్రైవర్ బతుకు మీద పడ్డది. ఆడికెళ్లి తిరిగి నా మీదికే వచ్చింది. కండ్లు మసకబారి పని బంద్ చేసిన్నని అందరికి చెప్పుకుంట తిరుగుత గని, అసలు సంగతి ఇది.

ఈ మధ్య ఫోన్‌ల వీడియోలు చూసి కాయితం, కత్తెర పట్టిన పిల్లలు కొందరు నన్ను ఎతుక్కుంట వస్తున్నరు. వాళ్లకు పనికొస్తదని రాస్తున్న. నేర్చుకునేది తక్కువ, జాగ్రత్త పడేది ఎక్కువ.

నేను చేసిన పని చెప్పుకోను చాలా అల్కటిది. మనిషిని స్టూలు మీద పక్కకు తిరిగి కూసుండమంట. చేతుల నల్ల కాయితం, చిన్న కత్తెర. పెన్సిల్‌తోని గీసుకునుడు లేదు. మెడ కాడ మొదలువెట్టి గదువ, పెదవులు, ముక్కు, నొసలు ఎక్కి, జుట్టు మీది నుంచి తిరిగి వెనక మెడకు దిగుడే. కత్తెర ఉన్నకాడనే ఉంటది, కాయితమే తిరుగుతది. తెల్ల అట్ట మీద అతికిస్తే అయిపాయె. కండ్లుండయి, రంగుండది, నవ్వుండది. ఉత్త అంచు. దీన్ని సిలౌట్ అంటరని మా ఉస్తాద్ చెప్పిండు. మా కోరుట్లల నన్ను 'నల్ల బొమ్మలాయన' అన్నరు. జగిత్యాలల ఎగ్జిబిషన్ వెట్టినప్పుడు 'నీడలాయన' అన్నరు. సిరిసిల్లల మొదటిసారి ఒక పెండ్లికి పోతే ఏ పేరూ పెట్టలేదు, నల్ల కాయితాల కట్ట చూసి గేటు కాడనే ఆపిన్రు. "శుభకార్యంల నలుపేందయ్యా?" అన్నదొక ముసలామె. ఆ మాట నిజమే గదా అనుకొని, అప్పటి సంది పెండ్లిండ్లకు కుంకుమ రంగు కాయితం కోసి, మగ్గాల కాడ మిగిలిన తెల్ల గుడ్డ మీద అతికిచ్చుడు మొదలువెట్టిన. నల్ల బొమ్మలాయన ఎర్ర బొమ్మలాయన అయి పెండ్లి బువ్వ తిన్నడు.

పని నేర్పిన ఉస్తాద్ పట్నంల ఎగ్జిబిషన్‌ల కూసునేటోడు. గడ్డం తెల్లగ, చేతులు నల్లగ. నాకు చెప్పిన రహస్యం ఒక్కటే. "నాక్ కే పాస్ రహెమ్ కరో, బేటా. ముక్కు కాడ జర దయ చూపు. గదువ గురించి నిజం చెప్తే మనిషి ఓర్చుకుంటడు. ముక్కు గురించి చెప్తే ఓర్చుకోడు." నేను ఆ మాటను తాయత్తు లెక్క కట్టుకున్న. వంకర ఉంటే జర సక్కగ, సట్టిగ అణిగి ఉంటే జర నిలువుగ, పొడుగుంటే జర పొట్టిగ. ఒక్కని నోట గుడ ముక్కు బాగాలేదన్న మాట వినలేదు. ముక్కు మీద కోపం తెచ్చుకున్న గిరాకీ లేడంటే, అంత నా పనితనమే అనుకున్న.

జాతరలల్ల మా దుకాండ్లు ఎప్పుడూ ఒక్క వరుసల పడేటియి. నా ఎడమ దిక్కు గాజులామె. రాయికల్ ఆమెది. జాతరలు లేనప్పుడు బీడీలు చేసేది. పెనిమిటి దుబాయ్‌ల. ఆయన పొద్దుగూకంగ ఫోన్ చేస్తే గాజులు అడిగెటోళ్లను గుడ "జరాగు" అని నిలవెట్టేది. నా కుడి దిక్కు ఫోటోలాయన. జగిత్యాల పిలగాడు, నా కొడుకు వయసుంటది. కెమెరా, ప్రింటరు, వెనక మంచుకొండల పరదా. ఎండాకాలం చెమటలు కారుకుంట జనం ఆ మంచుకొండల ముందర నిలవడెటోళ్లు. నన్ను 'కాకా' అనేటోడు. ఆ ఒక్క పిలుపు తప్ప ఆయన నోట్ల మర్యాద ఎక్కడా ఉండేది గాదు.

"కాకా, నీ కాడ కరెంటు ఎప్పుడస్తది? మొఖాలన్ని చీకట్లనే ఉన్నయి."

"నీ కాడ కరెంటు పోయిననాడు ఎవలి పని నడుస్తదో చూస్త తియ్ తమ్మీ."

ఇట్లనే నడిచేది. కడుపుల ఏమీ లేదనే అనుకునేది.

ఆ రోజు జాతర వీర్నపల్లి దిక్కున. మంచి మంది. ఎండ జర దిగంగ గాజులామె ఒక్కపారి నెత్తి కొట్టుకున్నది. "అయ్యో, నా ఫోను! గీ పెట్టె మీదనే వెట్టిన!" గాజుల పెట్టెలన్ని తిప్పి చూసినం, గడ్డి ఎత్తి చూసినం. లేదు. ఆమె ఏడుపు ఫోన్ కోసం గాదు. "గాయిన నంబరు నాకు నోటికి రాదన్నా, అన్ని గా ఫోన్లనే ఉన్నయి. పొద్దుగూకంగ చేస్తడు, ఎత్తకపోతే పరేషాన్ అయితడు."

ఎవలో అన్నరు, నా కాడ బొమ్మ కోయిచ్చుకున్న పిలగాడొకడు ఆ పెట్టె మీద చెయ్యేసి నిలవడ్డడని. ఆకుపచ్చ అంగి అన్నరొకరు. గాదు నీలం అన్నరింకొకరు. ఫోటోలాయన నా దిక్కు చూసి, "కాకా, నువ్వు కోసినవు గదా, ఎట్లున్నడు?" అన్నడు. చుట్టూ మంది. అందరి కండ్లు నా మీద. నా బతుకుల అందరు నన్ను ముందటి నుంచి చూసిన రోజులు తక్కువ. గదే దెబ్బ తీసింది. పైన రాసిన డబ్బా అప్పుడు కొట్టిన.

కాయితం తీసి కోసిన. చేతులు ఆగలే. గదువ, పెదవులు, ముక్కు, పైన కుచ్చు పెట్టి పక్కలు గీకిన కటింగు. ఇప్పటి పిలగాండ్లందరిది గదే కటింగు. అట్ట మీద వెట్టి లేపిన. మంది "అబ్బ" అన్నరు. గాజులామె కండ్లు తుడుసుకొని, "వీడేనా అన్నా?" అన్నది. "వీడే చెల్లె" అని చెప్పిన. ఆ అంగి రంగు సుత యాదికి లేనోన్ని, మొఖం మాత్రం 'వీడే' అని చెప్పిన.

ఫోటోలాయన ఆ బొమ్మను ఫోన్‌ల ఫోటో తీసిండు. కింద 'దొంగ. కనవడితే పట్టుకోండ్రి' అని రాసి ఏయే గ్రూపులల్ల వేసిండో ఆయనకే తెల్వాలె. ఇల్లు చేరేసరికి మా చుట్టాలాయన మస్కట్ నుంచి ఫోన్ చేసి, "బావా, నువ్వు కోసిన దొంగ మా రూముల గుడ వచ్చిండు" అన్నడు. సంబరపడ్డ. ఇన్నేండ్లు కోసిన బొమ్మలు గోడలు దాటలేదు, ఇది సముద్రం దాటింది అనుకున్న. దాటుకుంట ఎవలి మీది నుంచి పోయిందో ఆలోచన చెయ్యలేదు.

కొన్ని వారాలు గడిచినయి. ఒకనాడు పొద్దుగాల ఒక పిలగాడు కోరుట్లల మా ఇంటి ముందర నిలవడ్డడు. చేతుల ఒక అట్ట. వెనక నా ముద్ర, నా అడ్రసు. ముస్తాబాద్ నుంచి సిరిసిల్లకు ఆటో నడుపుతనన్నడు. గౌండ్లోళ్ల పిలగాడు, తండ్రి ఇంకా కల్లు గీయ తాళ్లెక్కుతడు. కూసుండమంటే కూసుండలేదు.

"సార్, గిది నువ్వు కోసిందే గదా?"

"నేను కోసిందే. గా జాతరలనే గద?"

"జాతరలనే. మంచిగున్నదని బొమ్మ మీదనే గమ్ రాసి ఆటో అద్దానికి అతికిచ్చుకున్న." జేబుల నుంచి ఫోన్ తీసి దొంగ బొమ్మ చూపెట్టిండు. "గిది?"

"గిది గుడ..." అని ఆగిపోయిన.

రెండు పక్కపక్కన వెట్టిండు. ఒక్క మొఖం. గదువ గదే, ముక్కు గదే, కుచ్చు గదే. ఏమనుకున్ననో తెలుసా? పిలగాని దిక్కు చూసి, "అంటే... నువ్వేనా?" అనడిగిన.

వాడు తిట్టలేదు. మెల్లగ స్టూలు మీద కూసుండి, నా గిరాకీలు కూసున్నట్టే పక్కకు తిరిగిండు.

"చూడు సార్. మంచిగ చూడు."

చూసిన. చిన్నప్పుడు తండ్రి ఎంబడి తాడెక్కి, కింద పడ్డడట. ముక్కు నడుమ ఇరిగి, గుంట వడి, కొన ఒక దిక్కుకు తిరిగింది. జాతరల ఆ ముక్కును ముందర వెట్టుకొని నేను కోసింది సక్కటి ముక్కు. అద్దానికి అతికిచ్చుకున్న బొమ్మ వాన్ది గాదు. ఫోన్‌ల తిరిగే దొంగ బొమ్మ వాన్ది గాదు. రెండు మాత్రం ఒక్కటే.

"నేనైతే సంబరపడ్డ సార్, నా ముక్కు సక్కగైందని" అన్నడు. తర్వాత సంగతి మొత్తం చెప్పిండు. ఆటో అడ్డాల ఒక దోస్తు మజాకకు రెండు బొమ్మలు పక్కపక్కన వెట్టి, 'గిది మనోడే గదరా' అని నవ్వే మొఖాలతోని గ్రూపుల వేసిండట. ఆడికెళ్లి బడి పిల్లల తల్లుల గ్రూపులకు పోయిందట. అటు పొయ్యేసరికి నవ్వే మొఖాలు ఊసిపోయినయి, ఉత్త బొమ్మలు మిగిలినయి. పొద్దుగాల బడికి తీస్కపోయే పిల్లలను ఒక్కొక్క తల్లి మాన్పిచ్చింది. అడ్డా ప్రెసిడెంట్ లైన్‌ల పెట్టనిస్తలేడు. "మా అమ్మను బజార్ల 'నీ కొడుకు సంగతేంది' అని అడుగుతున్నరు సార్. నువ్వొచ్చి ఒక్క మాట చెప్పాలె."

ఒక్క మాటే గదా అని ఎంబడి పోయిన. సిరిసిల్ల దాక బస్సు, ఆడికెళ్లి వాని ఆటో. వెనక సీట్ల నేనొక్కన్నే. తొవ్వల ఇద్దరు ఆడోళ్లు చెయ్యెత్తిన్రు. ఆటో ఆగింది. లోపలికి వంగి డ్రైవర్ మొఖం చూసి, "ఎనక బండ్లె వస్తం తియ్" అన్నరు. వాడు బండి ముందుకు పోనిచ్చిండు. అద్దం మీది బొమ్మ పీకేసిండు గని, గమ్ మరక మాత్రం మొఖం ఆకారంలనే మిగిలింది. అందుల గుడ ముక్కు నిలువుగనే ఉన్నది.

ముస్తాబాద్ అడ్డాల నన్ను చూడంగనే ప్రెసిడెంట్ లేచి కుర్చీ ఇచ్చిండు. "దొంగ బొమ్మ కోసిన సారు గీయనేనట!" అని చాయ చెప్పిండు. ఆ చాయ నోట్ల పోసుకొని, తప్పు కోసిన్నని చెప్పుడు ఎంత కష్టమో మీకు చెప్పలేను. సగం తాగినంక చెప్పిన.

"గీ పిలగాడు గాదయ్యా. నేను యాది మీద కోసిన. తప్పు వడ్డది."

ప్రెసిడెంట్ పెద్ద మనిషే, నెమ్మదిగ మాట్లాడుతడు. "అంటే దొంగ మొఖం నీకు యాదికి లేదా సారూ?"

"లేదు."

"అసలు యాదికి లేదు?"

"లేదయ్యా."

"మరి ఈడు గాదని ఎట్ల యాదికున్నది?"

చుట్టూ ఉన్న డ్రైవర్లు నా దిక్కు చూసిన్రు. ముక్కుసూటిగ అడిగిన ప్రశ్నకు నా తాన వంకర జవాబు గుడ లేదు. నా యాది పనికిరాదని నేనే చెప్పుకున్నంక, నా సాక్ష్యం ఏడ పనికొస్తది?

జవాబు లేదంటే అబద్ధమైతది. ఒకటున్నది. పిలగాడు నా ముందర పక్కకు తిరిగి కూసున్నప్పటి సంది అది నన్ను కుడుతనే ఉన్నది. వాని ముక్కు గంత వంకరుండంగ నేను సక్కగ కోసిన. దొంగదీ గట్లనే కోసిన. మరి మిగిలినోళ్లయి? అది బయటవెడితే పిలగాడు బయటవడ్తడు, నేను మాత్రం మునుగుత. జగిత్యాలల ఒక పెద్ద పెండ్లికి మాట ఇచ్చి ఉన్న, వచ్చిన చుట్టాలందరి బొమ్మలు కొయ్యాలె. ఇన్నేండ్ల పేరు. బస్సెక్కి ఇంటికి పోతే ఎవలు ఆపుతరు? నిజంగనే బస్సు వచ్చే దిక్కు చూసిన. ఇటు తిరిగేసరికి, పిలగాడు ఆటో అద్దం మీది గమ్ మరకను గోరుతోని గీకుతున్నడు. గీకితే ఇంకింత తెల్లగ కనవడుతున్నది.

"మీ ఊళ్లె నేను కోసిన బొమ్మలు ఎవలిండ్లల్ల ఉన్నయి?" అని అడిగిన.

"మా ఇంట్లనే ఉన్నయి" అన్నడు ప్రెసిడెంట్. "మా బావమర్ది పెండ్లిల కోసినవు. నాది, మా ఇంటామెది."

"తెప్పియ్యి. ఇంకా ఎవలయైనా ఉంటే తెమ్మను."

జర సేపట్ల వచ్చినయి. ప్రెసిడెంట్ ఇంటామె తనే పట్టుకొని వచ్చింది. టైలర్ తనది తెచ్చిండు. గల్ఫ్ నుంచి వచ్చిన రైతొకాయన టోపీ పెట్టుకున్న బొమ్మ తెచ్చిండు. పిలగాని తల్లి గుడ వచ్చింది, కొంగు చాటున తన బొమ్మ. అన్నిటిని తడిపి, కత్తెర కొనతోని అట్టల మీది నుంచి, గుడ్డల మీది నుంచి మెల్లగ ఊడదీసిన. అతికిచ్చినంత జాగ్రత్తగనే. మొగుడు పెండ్లాలయి ఎదురెదురు చూసే బొమ్మలు గదా, ఆడోళ్లయి తిప్పి వెట్టిన. అన్ని మొఖాలు ఒక్క దిక్కు చూస్తున్నయి. నల్లయి, ఎర్రయి కలిపి ముక్కు మీద ముక్కు వెట్టి, కొసలు రెండు వేళ్లతోని పట్టుకొని, ఎండకు అడ్డంగ లేపిన.

కొప్పులు వేరేయి. టోపీ వేరే. గదువలు వేరే, ప్రెసిడెంట్‌ది డబుల్. ముక్కుల కాడ మాత్రం వెలుగు దూరేంత సందు లేదు. ఒక్క ముక్కు. ఉస్తాద్ దయ చూపమన్నడు. నేను ఆ దయను అచ్చు పోసి పెట్టుకున్న.

ముందుగాల నోరు తెరిచింది ప్రెసిడెంట్ ఇంటామెనే.

"గట్లనా! గీయన ముక్కు గిట్లెప్పుడున్నదా అని నేను దినాం చూస్త. గోడ మీదైనా మంచిగున్నది తియ్యని ఊకున్న."

"ఏయ్, నా ముక్కుకేమైందే?" అన్నడు ప్రెసిడెంట్.

"ఏం గాలె. ఉన్నకాడనే ఉన్నది, అంతట ఉన్నది."

అడ్డా అంత నవ్వు. పిలగాని తల్లి మాత్రం నవ్వలేదు. ఊడదీసిన తన బొమ్మను చేతులకు తీసుకున్నది. "నా ముక్కు సట్టిదని మా అత్త సచ్చేదాంక అన్నది సారూ. గిందుల నిలువుగ ఉన్నదని దేవుని పక్కకు వెట్టుకున్న" అన్నది. నన్ను తిడితే బాగుండు అనిపిచ్చింది. తిట్టలేదు. "నా కొడుకు దొంగ గాదని ఇప్పుడైనా ఒప్పుకుంటరా?" అని ప్రెసిడెంట్‌ను అడిగింది.

ప్రెసిడెంట్ ఆ కట్టను చేతుల పట్టుకొని ఇంకోపారి ఎండకు చూసిండు. "గీ ముక్కు దొంగదైతె నేను దొంగనే, నా పెండ్లాం దొంగనే, టైలర్ దొంగనే. ఒరే, నీ బండి తీస్కచ్చి లైన్ల వెట్టు." నా దిక్కు తిరిగి, "సారూ, ఏమనుకోకు గని, నువ్వు అందరికంటె పెద్ద దొంగవు" అన్నడు. ఒప్పుకున్న.

సంచి పట్టుకొని సిరిసిల్ల పోనీకి నిలవడ్డ ముసలామె ఒకతి ఇదంత చూస్తున్నది. పిలగాని ఆటో లైన్‌ల పడంగనే ఎక్కి కూసున్నది. "దొంగలందరం ఒక్క బండ్లనే పోదాం పా కొడుకా, నాకు పొద్దువోతున్నది."

ఆమె ఎక్కినంక ఇంకిద్దరు ఎక్కిన్రు.

ఇక గ్రూపులల్ల గుడ సంగతి పోవాలె గదా. ఫోటోలాయనకు ఫోన్ చేసిన. "నేను ఉత్త ఫార్వర్డ్ చేసిన కాకా, కోసింది నువ్వు" అన్నడు. మాట నిజమే, గుచ్చేటట్టు అన్నడు అంతే. ఆధారం పంపుమన్నడు. ఎండకు పట్టుకున్న కట్ట ఫోటో పంపిన. ఆయన దాని కింద, 'ఒక్క ముక్కు ఆర్టిస్ట్. మీ ఇంట్ల ఉన్న ముక్కు ఎవలిదో చూసుకోండ్రి' అని రాసి, నవ్వే మొఖాలు వరుస పేర్చి వదిలిండు. దొంగ బొమ్మ తిరిగిన దానికంటె ఇది జోరుగ తిరిగింది. పిలగాని పేరు కడిగినట్టైంది. బడి పిల్లలు తిరిగి వాని ఆటోల ఎక్కిన్రు. ఆ నీళ్లు నా మొఖం మీద పోసినా, కడగవలసిందేమో కడిగినయి గదా అని ఓర్చుకున్న. జగిత్యాల పెండ్లోళ్లు ఫోన్ చేసి, "ప్రోగ్రాం మారింది సార్, సెల్ఫీ స్టాండ్ పెడుతున్నం" అన్నరు. మస్కట్ చుట్టం గుడ ఫోన్ చేసిండు. ఈసారి ఎత్తలేదు.

గాజులామె ఫోన్ మాత్రం దొరకలేదు. ఎవడు తీసిండో ఇప్పటికీ ఎవలికీ తెల్వదు. కొత్త ఫోన్‌ల పెనిమిటి నంబరు పడేసరికి చాన రోజులు పట్టింది. అలిగిండట. "పాత ఫోన్లనే మంచిగ మాట్లాడెటోడన్నా" అన్నది నన్ను చూసి. మనసుల పెట్టుకోలేదు, గని తర్వాత జాతరల తన గాజుల పెట్టె నా ఎడమ దిక్కు నుంచి జర దూరం జరుపుకున్నది.

నేను ఊకుండలేదు. మల్ల నేర్చుకున్న. ఇంట్లోళ్ల ముక్కులతోని మొదలువెట్టి, బస్టాండ్‌ల కూసుండి ఎవలి ముక్కు వాళ్లకు కోసుడు నేర్చుకున్న. ముసలోడు అక్షరాలు దిద్దుకున్నట్టు. చేతికి పాత ముక్కే తియ్యగ అనిపిచ్చేది, చెయ్యిని లాగి పట్టుకొని, ఉన్న ముక్కు కోసేటోన్ని. అప్పుడు తెలిసిందేందంటే, మనిషి తన పక్క ముక్కు బతుకంత చూసుకోడు. ఊళ్లె అందరికీ తెలిసి, ఒక్క సొంతదారుకే తెల్వని ఆస్తి అది. కోరుట్లల ఒకాయన తన బొమ్మ చూసి "గిది నేను గాదు" అంటే, పెండ్లాం "అచ్చంగ నువ్వే" అన్నది. ఇద్దరు కొట్లాడుకుంటనే పోయిన్రు, బొమ్మ నా తాననే మిగిలింది. కొత్తగ కత్తెర పట్టినోళ్లకు నేను చెప్పేది గదే. ఉస్తాద్ మాట తప్పు గాదు. దయ చూపుండ్రి. గని ఎవలి దయ వాళ్లకు వేరుగ కొయ్యాలె. టోకున కోస్తే ఎవడో ఒకడు లైన్‌ల నుంచి బయటవడ్తడు.

గిరాకీ తగ్గుకుంట వచ్చి, ఇగ ఇంట్లనే ఉందామనుకున్నప్పుడు ఫోటోలాయన ఫోన్ చేసిండు. జగిత్యాలల కొత్త స్టూడియో తెరుస్తున్నడట. అద్దాల తలుపులు, ఏసీ. బోర్డు మీద తన నీడ బొమ్మ ఉండాలె, చేతుల కెమెరా పట్టుకున్నట్టు. కంప్యూటర్‌ల చేస్తే మజా లేదట, చేతితోని కోసిందే కావాలెనట. పోయిన. బోర్డు రాసేటోళ్లు, పనోళ్లు, ఇద్దరు ముగ్గురు దోస్తులు ఉన్నరు. వాళ్ల ముందటనే అన్నడు, "కాకా, జర చూసి కొయ్యి. ఊరందరి ముక్కు నాకు వద్దు. నా ముక్కు నాకు గావాలె." అందరు నవ్విన్రు.

"నీది నీకే కోస్త తమ్మీ. కూసుండు."

పక్కకు తిరిగి కూసున్నడు. ఇన్నేండ్లు నా కుడి దిక్కు నిలవడ్డ మనిషి. ఎడమ పక్క మొఖం నాకు కంఠతా వచ్చినంత తెలుసు. ఎన్నడూ కోసింది లేదు. గదువ మెడలకు జారి ఎక్కడ ఆగాలెనో తెల్వక తిరుగుతది. ముక్కు పైన మంచిగనే మొదలైతది, నడుమ మనసు మార్చుకొని కిందికి దిగుతది, కొన వచ్చి పై పెదవిని పలకరిస్తది. ఎక్కువ కొయ్యలే, తక్కువ కొయ్యలే. ఉన్నది ఉన్నట్టు. నా బతుకుల గంత నిజాయితీగ కత్తెర పట్టింది గప్పుడే.

అట్ట మీద వెట్టి చేతికిచ్చిన. చూసిండు. తిప్పి చూసిండు.

"ఎవలిది కాకా గిది?"

దోస్తులు నవ్వు ఆపుకుంట అటు తిరిగిన్రు. వాళ్లకు చెప్పే పని లేకపాయె. ఆయన అద్దాల తలుపు కాడికి పోయి పక్కకు తిరిగి తన్ను తాను చూసుకుందామని చూసిండు. తల తిప్పితే కండ్లు గుడ తిరుగుతయి, కనవడదు. ఫోన్ చెయ్యి చాపి పక్క నుంచి ఫోటో తీసుకున్నడు. ఫోటో చూసిండు, బొమ్మ చూసిండు. మల్ల ఫోటో చూసిండు.

"మీరు చాయ తాగి రాపోండ్రి" అని అందరిని బయటికి పంపిండు. తలుపు మూసి నా పక్కకు వచ్చి కూసున్నడు. గొంతు తగ్గిచ్చి, "కాకా, గా ముక్కు... అందరికి కోసేటిది... గదే కొయ్యరాదూ?" అన్నడు.

కత్తెర తుడిచి సంచిల వెట్టుకున్న.

"గది బంద్ వెట్టిన తమ్మీ. నువ్వే బంద్ వెట్టిచ్చినవు."

ఆ బోర్డు ఇప్పుడు బస్సుల పోతుంటే కనవడుతది. కెమెరాను మొఖానికి అడ్డం వెట్టుకొని ఫోటో తీస్తున్న మనిషి నల్ల బొమ్మ. కెమెరా కంప్యూటర్‌ల చేసింది. ముక్కును, గదువను మొత్తం కప్పేటంత పెద్దగ చేపిచ్చిండు. వెనక మెడ ఒక్కటే నేను కోసింది.